రోహిణి కార్తెలో పచ్చగా ఉన్న గోడ

రోళ్ళు పగిలే రోహిణి కార్తె అంటారు కదా, ఆ రోజుల్లో ఓ పొద్దున్నే మీ చేతికింద ఉన్న భవనం చుట్టూ ఒకసారి నడవండి. వారం పది రోజులుగా వాన పడకుండా ఉంటే మరీ మంచిది. ప్రహరీ మీద, సజ్జల కింద, పైపుల పక్కన, మెట్ల మూలల్లో ఎండి నల్లబడ్డ పాచి కనిపిస్తుంది. దాన్ని చూసి ముందుకి వెళ్ళిపోండి. ఎక్కడైనా పచ్చగా, వేలితో నొక్కితే మెత్తగా, తడిగా ఉన్న పాచి తగిలితే మాత్రం అక్కడ ఆగండి. నేల నెర్రెలు విచ్చే ఎండలో ఆ మొక్క తాగుతున్న నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?

అపార్ట్‌మెంట్లు చూసుకునే సూపర్‌వైజర్లు, వాచ్‌మన్లు, రంగులేసేవాళ్ళు, తాపీ మేస్త్రీలు, ప్లంబర్లు, నర్సరీల్లో పనిచేసేవాళ్ళు – ఇంతమంది చేతులకి రోజూ పాచి తగులుతూనే ఉంటుంది. గోకడం, కడగడం, మీద రంగు కొట్టడం అందరికీ వచ్చు. అది ఏం చెబుతోందో చూడడం మాత్రం మనకెవరూ నేర్పలేదు. నాకైతే చాలా ఆలస్యంగా తెలిసింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో విశాఖపట్నంలో ఓ ఐదంతస్తుల భవనం నా పర్యవేక్షణలో ఉండేది. పడమటి గోడకి రెండో అంతస్తు దగ్గర చాపంత మేర పచ్చటి మచ్చ. మూడేళ్ళలో రెండుసార్లు గోకించి రంగు వేయించాను. రెండుసార్లూ ఏడాది తిరక్కుండానే రంగు బుడగలెత్తి, పెచ్చులుగా ఊడి, కిందనుంచి మళ్ళీ అదే పచ్చదనం బయటపడింది. వాన కొట్టే గోడ, పైగా సముద్రపు గాలి, ఇంతేలే అని సరిపెట్టుకున్నాను. మూడోసారి పనికి వచ్చిన తాపీ మేస్త్రి మా నాన్నగారి వయసువారు. నిచ్చెన ఎక్కి, తాపీ తీయకుండా, ఆ పాచిని అరచేత్తో తడిమి కిందికి దిగారు. "బాబూ, ఇది నిన్న కూడా నీళ్ళు తాగింది. ఈ ఎండల్లో వాననీళ్ళెక్కడివి? రంగు సంగతి తర్వాత చూద్దాం, ముందు పైవాళ్ళ బాత్రూం చూపించండి" అన్నారు. మూడో అంతస్తు స్నానాలగదిలో నహానీ ట్రాప్ చుట్టూ సిమెంటు విడిపోయి ఉంది. రోజూ పోసుకున్న నీళ్ళలో కొంత స్లాబు అంచు పట్టుకుని గోడలోకి దిగుతోంది. అది బాగుచేయించాక మచ్చ ఎండి గోధుమరంగుకి తిరిగింది. మరుసటి వేసవిలో గట్టి చీపురుతో ఊడిస్తే రాలిపోయింది. ఆ రెండుసార్ల రంగు ఖర్చు ఇళ్ళవాళ్ళు వంతులు వేసుకుని కట్టిన డబ్బు. నా తెలియనితనం వల్ల పోయిందని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ముందు పేర్లు తేల్చుకుందాం. పాచి అనే ఒక్క మాటతో మనం కనీసం ఐదు రకాల ప్రాణుల్ని పిలుస్తున్నాం. నీళ్ళు పారే గచ్చు మీద పల్చగా, జిగురుగా పరుచుకుని కాలు పెడితే సర్రున జారేది శైవలం, ఇంగ్లీషులో ఆల్గే అంటారు. పిట్టగోడ నుంచి కిందికి దిగే నల్లటి చారల్లో చాలావరకు సయనోబాక్టీరియా ఉంటుంది. మఖమల్ గుడ్డలా, చిన్న చిన్న దిండ్లలా పెరిగేది మాస్. కళ్ళు దగ్గరపెట్టి చూస్తే ఒక్కొక్కటీ కాండం, ఆకులు ఉన్న బుల్లి మొక్కే. వానల తర్వాత దాని మీద దారం లాంటి కాడలు లేచి, వాటి చివర గింజంత కాయలు కనిపిస్తాయి. వాటిలోంచి రాలే సిద్ధబీజాలు పిండిలాంటివి, గాలికి ఎక్కడికైనా పోతాయి. ఇక కాండం, ఆకు అనే తేడా లేకుండా నేలకి అంటుకుని, పాయలు చీలిన పచ్చటి పట్టీలా పాకేవి చాలావరకు లివర్‌వర్ట్‌లు. వాటి ఆకారం కాలేయపు తమ్మెల్లా ఉందని పూర్వం యూరపువాళ్ళు పెట్టిన పేరది. మీ పిల్లలు ఇంటర్ బైపీసీ చదువుతుంటే అడగండి. రిక్సియా, మార్కాంషియా, ఫ్యునేరియా అని గబగబా చెప్పేస్తారు. ఆ పేర్లు మన గోడ మీదివీ మన పూలకుండీలోవీ అని వాళ్ళకి తెలిసే అవకాశం తక్కువ. తీసుకెళ్ళి చూపించండి. బూడిదరంగులో, నారింజరంగులో, రాతికి పెయింటు చిమ్మినట్టు గట్టిగా అతుక్కుని ఉండేది ఐదోది, లైకెన్. అది శిలీంధ్రం, శైవలం కలిసి చేసే కాపురం.

పేర్లు తెలిస్తే పనికి ఏం ఒరుగుతుందంటే, ఒక్కొక్కటి ఒక్కో రకం తడిని చూపిస్తుంది. శైవలం నాలుగు రోజుల తడికే వచ్చేస్తుంది. అక్కడ మొదటి సమస్య జారి పడటం. మాస్ దిండ్లు కట్టిందంటే అక్కడ చెమ్మతోపాటు దుమ్ము కూడా చాలాకాలంగా చేరుతోందని అర్థం, ఒక్క సీజనులో అంత మందాన పెరగదు. లివర్‌వర్ట్ కనిపించే చోట చాలావరకు నీడా తడీ రెండూ ఇంకా ఎక్కువకాలం నిలుస్తాయి. పాత బావుల లోపలి గోడల మీద, చీకటి మూలల్లో, లేత పసుపుపచ్చగా మెరిసే సయాథోడియం అనే లివర్‌వర్ట్ ఉంటుంది. అలాంటిది మీ సెల్లారు గోడ మీద కనిపిస్తే ఆ సెల్లారుకి గాలి ఆడడం లేదని రాసుకోవచ్చు. లైకెన్‌ని అలా వదిలేయండి. అది ఏళ్ళ తరబడి నెమ్మదిగా పెరుగుతుంది, మన గోడకి పెద్ద కష్టమేమీ తేదు.

మాస్‌కి వేరు లేదు. ఇది పనివాళ్ళందరూ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. అడుగున ఉండేవి రైజాయిడ్లనే సన్నటి పోగులు, గోడని పట్టుకోవడానికే తప్ప లోపల్నుంచి నీళ్ళు తోడుకోవడానికి అవి పెద్దగా పనికిరావు. నీళ్ళు తాగేది ఆకులే. చాలా జాతుల్లో ఆకు మందం ఒక్క కణమే, దానిమీద మన మామిడాకుకి ఉన్నలాంటి మైనపు పూత దాదాపు ఉండదు. అందుకే గాలి ఎండితే మొక్క ఎండుతుంది, తడిస్తే నిమిషాల్లో విచ్చుకుంటుంది. మన ఊళ్ళ గోడల మీద విరివిగా కనిపించే హయోఫిలా ఇన్వల్యూటా అనే మాస్ ఎండినప్పుడు ఆకుల అంచుల్ని లోపలికి చుట్టుకుంటుంది. దాని పేరులోని రెండో మాటకి అర్థం అదే. కాలిబాట రాళ్ళ సందుల్లో వెండి పూసినట్టు మెరిసే బ్రయమ్ అర్జెంటియమ్ అంటార్కిటికాతో సహా అన్ని ఖండాల్లోనూ ఉంది. దాని ఆకు కొసల్లో పత్రహరితం ఉండదు, ఆ మెరుపు అందువల్లే.

అపనమ్మకంగా ఉంటే ఏప్రిల్లో ఎండి కరకరలాడుతున్న పాచి మీద ఒక చెంచా నీళ్ళు పోసి, అక్కడే నిలబడి చూడండి. టీ తాగేలోపు పచ్చబడుతుంది. రంగులేసేవాళ్ళు నష్టపోయేది ఇక్కడే. ఎండింది కదా, చచ్చిందనుకుని పైపైన బ్రష్షుతో దులిపి ప్రైమర్ కొడతారు. ఆ ప్రైమర్ గోడని కాదు, పాచిని పట్టుకుంటుంది. పాచి గోడని పట్టుకున్నది పోగులతో. మొదటి వానకి అది ఉబ్బితే రంగంతా చర్మంలా లేచి వస్తుంది. పెయింటు మంచిది కాదని కంపెనీని తిట్టుకుంటాం, పని బాగాలేదని ఇంటాయన మనల్ని తిడతాడు.

కొత్త సిమెంటు గోడ వేరే రకంగా మాట్లాడుతుంది. కొత్త కాంక్రీటు క్షారగుణం చాలా ఎక్కువ, పీహెచ్ 12 నుంచి 13 మధ్య ఉంటుంది. ఆ ఘాటుకి మాస్ బతకలేదు. గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి పైపొర ఏళ్ళ మీద చల్లారి, పీహెచ్ 9 లోపుకి దిగాకే మొక్కలు కుదురుకుంటాయి. కాబట్టి పదేళ్ళ ప్రహరీ మీద పాచి వింతేం కాదు. రెండేళ్ళ గోడ మీద దిండ్లు కట్టిందంటే అక్కడ నీళ్ళు ఆగకుండా పారి పైపొరని కడిగేస్తున్నాయని అనుమానించాలి. మన పెద్దలు ఏటా సంక్రాంతికో ఉగాదికో గోడలకి సున్నం కొట్టడంలో ఈ లాభం కూడా ఉండేది. తడిసున్నం ఘాటు కొత్త సిమెంటు ఘాటులాంటిదే.

ఇప్పుడు నడకకి తిరిగి వద్దాం. పాచి ఏ ఆకారంలో ఉందో చూస్తే నీటి దారి చాలావరకు దొరికిపోతుంది. కిటికీ సజ్జ కింద నిలువు చారలా దిగిందంటే, సజ్జ అడుగు అంచున నీటిని కిందికి రాల్చే గాడి తీయలేదనో, పూడిపోయిందనో. వాననీళ్ళు అంచు దగ్గర రాలిపోకుండా అడుగు పట్టుకుని వెనక్కి జరిగి గోడ ఎక్కుతున్నాయి. మేస్త్రికి అది గంట పని, దాని బదులు గోడంతా రంగు వేయిస్తుంటాం. గోడ అడుగున మోకాలెత్తు వరకు వరసగా పట్టీలా ఉంటే నేలలోని చెమ్మ పైకి పాకుతోంది. లేదా గోడని ఆనుకుని పూలమొక్కలకి మట్టి పోశారు. ముందు ఆ మట్టి తీయించి నెల రోజులు చూడండి, పెద్ద ఖర్చు జోలికి తర్వాత పోవచ్చు. పైపు జాయింటు చుట్టూ చక్రంలా ఉంటే చెప్పాల్సిన పనే లేదు. ఏసీ గొట్టం కింద వేసవిలోనూ పచ్చగా ఉండటం మామూలే, గొట్టాన్ని ఇంకో మూడడుగులు పొడిగించి తూములోకి వదిలితే పోతుంది.

డాబా మీద చూడాల్సింది మూలలు. నీళ్ళు పోయే తూము దగ్గర కన్నా దూరపు మూలలో పాచి ఎక్కువుంటే వాటం తప్పింది, నీళ్ళు అక్కడే నిలుస్తున్నాయి. తూము చుట్టూనే ఎక్కువుంటే వాటం బాగుంది, తూము మూతి పూడిపోయింది. పిట్టగోడ తల మీద పాచి కట్టిన చోట, ఆ తల బయటికి వాలిందో లోపలికి వాలిందో ఒక గోళీ పెట్టి చూడండి. వాలు డాబా వైపే ఉండాలి. బయటికి వాలితే ఆ నీళ్ళన్నీ వీధి గోడ మీద నల్లచారలవుతాయి.

దిక్కు గురించి ఒక మాట. మాస్ ఉత్తరపు వైపే పెరుగుతుందని చలిదేశాల పుస్తకాల్లో చదివినవాళ్ళు మన దగ్గరా అదే అంటుంటారు. మన సంగతి అంత సూటిగా ఉండదు. మే రెండోవారం నుంచి ఆగస్టు మొదటివారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు హైదరాబాదుకి కాస్త ఉత్తరంగానే ఉంటాడు, అంటే ఉత్తరపు గోడకీ ఎండ తగులుతుంది. సూర్యుడు దక్షిణానికి జరిగాక, సెప్టెంబరు నుంచి మార్చి దాకా ఆ గోడ నీడలో పడుతుంది, వానాకాలపు తడి ఆరదు. కనుక ఉత్తరపు గోడ మీద డిసెంబరులో పచ్చగా ఉంటే కంగారు పడకండి. అదే గోడ మే నెలాఖరున కూడా పచ్చగా ఉంటే తప్పకుండా వెతకండి.

పాచి పక్కనే తుప్పురంగు చార కూడా దిగుతుంటే, ముఖ్యంగా బాల్కనీ అడుగున, స్తంభం మీద, నీళ్ళ ట్యాంకు దిమ్మ కింద, మీరు ఏ పనీ మొదలుపెట్టొద్దు. లోపలి ఇనుపచువ్వ తుప్పుపట్టి ఉబ్బుతోందన్న మాట. ఫోటో తీసి, తేదీ రాసి, స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలిపించమని రాతపూర్వకంగా చెప్పండి. అలాంటిచోట బ్లీచింగ్ నీళ్ళు కూడా పోయకూడదు. అందులోని క్లోరైడు ఇనుము తుప్పుని ఇంకా తొందరపెడుతుంది.

శుభ్రం చేయాల్సిన చోట ఎలా చేయాలో చెబుతాను. తొలకరికి ముందే మెట్లు, ర్యాంపు, సంపు చుట్టూ గచ్చు, డాబా మెట్లగది గుమ్మం – కాలు పెట్టే చోట్లన్నీ ముగించండి. గోడల అందం ఆ తర్వాత. పాల ప్యాకెట్లు వేసే కుర్రాడూ, పొద్దున్నే పాచిపనికి వచ్చే అమ్మా చీకట్లో ఆ మెట్లే ఎక్కుతారు. వాళ్ళు పడితే వాళ్ళ ఇంట్లో ఆ నెల గడవదు.

పాచిని ముందు నీళ్ళతో తడపండి. పొడిగా గోకితే దుమ్ము మన ఊపిరితిత్తుల్లోకే పోతుంది. తడిపాక చెక్క ముక్కతోనో ప్లాస్టిక్ గరిటతోనో తీసి, కొబ్బరిపీచు బ్రష్షుతో రుద్దండి. ఇనుపతీగల బ్రష్షు వాడితే ప్లాస్టరింగు గరుకై, వచ్చే ఏడు అదే పాచికి ఇంకా మంచి పట్టు దొరుకుతుంది. ప్రెషర్ వాషర్ కూడా ఇటుక సందుల్లోని సిమెంటుని తోసేస్తుంది, పగుళ్ళలోకి నీళ్ళు ఎక్కిస్తుంది. గట్టి గచ్చుకి తప్ప గోడకి వద్దు. తర్వాత దుకాణాల్లో దొరికే నాలుగైదు శాతం సోడియం హైపోక్లోరైట్ ఒక వంతుకి నాలుగు వంతుల నీళ్ళు కలిపి పూసి, పావుగంట ఉంచి, బాగా కడిగేయండి. చేతులకి రబ్బరు గ్లౌజులు, కళ్ళకి అద్దాలు ఉండాలి, కింద కుండీలు ఉంటే పక్కకి జరపాలి. రంగు వేయాల్సిన గోడైతే పూర్తిగా ఆరేదాకా, వేసవిలోనైనా కొన్ని రోజులు, ఆగండి.

ఇక యాసిడ్. మన దగ్గర పాచి అనగానే బాత్రూం యాసిడ్ సీసా తెస్తారు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. పాచి కన్నా ముందు సిమెంటునీ సున్నాన్నీ కరిగిస్తుంది. బుసబుసమని పొంగేది మీ గోడే. అంతకన్నా ఘోరం, యాసిడ్ పోసిన చోటే బ్లీచింగ్ కూడా పోస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన బాత్రూంలో, మెట్లగదిలో అది ప్రాణం తీయగలదు. ఈ రెండింటినీ ఒకే బకెట్లో, ఒకే చోట, ఒకే రోజు వాడొద్దు. మీ కింద పనిచేసే వాళ్ళకి ఈ ముక్క మీ నోటితో మీరే చెప్పండి, సీసా మీది అక్షరాలు వాళ్ళు చదువుతారని అనుకోకండి. మైలుతుత్తం పాచిని బాగానే చంపుతుంది గానీ కడిగిన నీళ్ళు చెరువుకో చేపల కుంటకో చేరితే చేపలు చస్తాయి. నీళ్ళెక్కడికి పోతాయో తెలియకపోతే దాన్ని ముట్టుకోవద్దు.

సిమెంటు రేకుల కప్పు సంగతి విడిగా చెప్పాలి. పాత షెడ్లు, గోడౌన్లు, బడి వంటశాలల మీద పాచి కట్టిన రేకుల్లో చాలావరకు ఆస్బెస్టాస్ ఉంటుంది. పాచి తీయడానికి దాన్ని గోకినా, రుద్దినా, ప్రెషర్‌తో కడిగినా కంటికి కనపడని పోగులు లేస్తాయి. అవి పీలిస్తే వచ్చే ఊపిరితిత్తుల జబ్బులు, క్యాన్సర్లు ఇరవై ముప్పై ఏళ్ళ తర్వాత బయటపడతాయి. అప్పటికి ఏ కాంట్రాక్టరు దగ్గర ఆ పని చేశామో కూడా గుర్తుండదు. పైగా పాత రేకు మనిషి బరువుకి ఉన్నట్టుండి విరుగుతుంది. కాబట్టి ఎవరెంత కూలి ఇస్తామన్నా ఆ కప్పు ఎక్కి పాచి గోకే పని ఒప్పుకోకండి. రేకు మీద పాచి ఉంటే ఉండనివ్వండి, దానివల్ల కింద ఉన్నవాళ్ళకి హాని లేదు.

గోడని పాచి పగలగొడుతుందని అందరూ అనుకుంటారు. వేరు లేని మొక్క గోడని ఎలా చీలుస్తుంది? చీల్చేది రావి, మర్రి, జువ్వి. పక్షులు రెట్టతోపాటు వేసిన గింజ బోడి సిమెంటు మీద పడితే ఎండిపోతుంది. పాచి దిండు మీద పడితే దానికి తడీ మట్టీ రెండూ సిద్ధంగా దొరుకుతాయి. కనుక వానాకాలంలో నెలకోసారి పిట్టగోడలూ పైపు మూలలూ చూసి, రెండాకుల రావిమొక్క కనపడగానే వేలితో పీకేయండి. అప్పుడది పాచితోపాటే ఊడి వస్తుంది. మూడేళ్ళు ఆగితే కొడవలితో నరికినా మళ్ళీ చిగురిస్తుంది, వేరు తీయాలంటే గోడ తవ్వాల్సిందే.

పాత కట్టడాల్లో కూలికి వెళ్ళేవాళ్ళకి ఇంకో జాగ్రత్త. 1591లో కట్టిన చార్మినారూ, గోల్కొండ గోడలూ డంగుసున్నపు పని. సున్నపు గార సిమెంటు కన్నా మెత్తన, నీళ్ళని పీల్చి వదులుతుంది, సందుల్లో మాస్‌కి చక్కటి చోటు. అక్కడ గట్టిగా గోకితే పాచితోపాటు నాలుగు వందల ఏళ్ళ గార కూడా రాలిపోతుంది. రాలింది తిరిగి రాదు. కేంద్ర రక్షిత కట్టడాల శుభ్రత పురావస్తు సర్వేక్షణ శాఖ చేతిలో ఉంటుంది, దానికి వాళ్ళకి వేరుగా రసాయన విభాగమే ఉంది. రాతపూర్వకమైన ఆదేశం చూడకుండా ఏ మేనేజరు చెప్పినా గోడ మీద తాపీ పెట్టొద్దు. ఊళ్ళలో పాత గుళ్ళకి, జమీందారీ మేడలకి అలాంటి రక్షణ ఉండదు గనుక అక్కడ మీ చేతి మెత్తదనమే దిక్కు. సున్నపు గోడకి సిమెంటు పూత పూయొద్దని కూడా ఆ ఇంటివాళ్ళకి చెప్పండి. లోపలి చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి, పక్కనున్న గోడ ఇంకా పచ్చబడుతుంది.

కడియంలోనో మరెక్కడో నర్సరీల్లో పనిచేసేవాళ్ళకి పాచి అంటే కుండీ మొహాన పరుచుకునే పచ్చటి పొర. మార్కాంషియా లాంటి లివర్‌వర్ట్ అయితే దాని వీపు మీద బుల్లి గిన్నెలు కనిపిస్తాయి, వాటి అడుగున పచ్చటి చిన్న బిళ్ళలు. పైనుంచి ఒక నీటిచుక్క ఆ గిన్నెలో పడితే బిళ్ళలు చిమ్ముకుని పక్క కుండీల్లో పడతాయి, పడిన ప్రతిదీ కొత్త మొక్కే. అంటే పైపు పట్టుకుని పైనుంచి నీళ్ళు కొట్టే మన చెయ్యే దాన్ని మడంతా నాటుతోంది. అలాంటి కుండీలని వేరుచేసి, మొదట్లోనో డ్రిప్పుతోనో నీళ్ళు ఇవ్వండి. పొద్దున పోయండి, రాత్రికి పైమట్టి ఆరాలి. అంగుళం మందాన వరి ఊక పరిస్తే పైపొర త్వరగా ఆరిపోయి లివర్‌వర్ట్ కుదురుకోదు. గోదావరి జిల్లాల్లో ఊకకి కరువు లేదు. మట్టి మీద ఎరువు చల్లినా ఇది విజృంభిస్తుంది. మొక్క నాటేటప్పుడే ఎరువుని లోపల కలిపేయడం మంచిది.

ఇంత చెప్పాక, కనపడిన పాచినల్లా తీసేయమంటున్నానని అనుకోకండి. కాలు పెట్టని చోట, నీటి లీకు లేని చోట దాన్ని ఉండనివ్వమని నేను ప్రతి అసోసియేషన్‌నీ బతిమాలుతుంటాను. చెట్టు మొదలు చుట్టూ, తోట రాళ్ళ మీద, వెనక ప్రహరీ మీద అది దుమ్ముని పట్టి ఉంచుతుంది. కంటికి కనిపించని ప్రాణులెన్నిటికో అది ఇల్లు. ఎనిమిది కాళ్ళ టార్డిగ్రేడు అనే సూక్ష్మజీవి అందులో నీళ్ళు ఉన్నంతసేపూ తిరిగి, ఎండగానే ముడుచుకుని, మాస్‌తోపాటే మళ్ళీ లేస్తుంది.

మాస్ గాలి నుంచే ఆహారం తీసుకుంటుంది గనుక గాలిలో ఉన్న విషమూ దానిలో చేరుతుంది. 1960ల చివర్లో స్వీడన్ శాస్త్రవేత్తలు దీన్ని వాడుకుని భారలోహాలు ఎక్కడెక్కడ పడుతున్నాయో కొలవడం మొదలుపెట్టారు. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో అటవీశాఖ పరిశోధకులు 346 చోట్ల చెట్ల మీది మాస్ ఏరి పరీక్షిస్తే, రంగుగాజు తయారుచేసే కర్మాగారాల చుట్టుపక్కల కాడ్మియం బాగా ఎక్కువగా కనిపించింది. తర్వాత యంత్రాలు పెట్టి కొలిస్తే గాలిలోనూ అదే తేలింది. 2016లో ఆ సంగతి బయటపడ్డాక అక్కడ కాడ్మియం వాడకం ఆపారు. అంతవరకూ ఆ వీధుల్లో ఉన్నవాళ్ళకి తాము ఏం పీలుస్తున్నారో తెలియదు. మన పనికి దీంట్లోంచి తీసుకోవాల్సింది ఒకటుంది. పెద్ద రోడ్డు పక్క గోడల నుంచి, ఫ్యాక్టరీల పక్కనుంచి తీసిన పాచిని గ్లౌజులతో ఎత్తి, సంచిలో కట్టి పారేయండి. కూరమొక్కల మళ్ళలో ఎరువుగా వేయొద్దు.

చివరికి అందరికీ ఎదురయ్యే కష్టం, కమిటీని ఒప్పించడం. రంగు అయితే కంటికి కనిపిస్తుంది, వెంటనే డబ్బు మంజూరవుతుంది. పైపు పని గోడ లోపల జరుగుతుంది, దానికి సెక్రటరీగారు వచ్చే ఏడు చూద్దామంటారు. అప్పుడు మాటలతో వాదించకండి. ఆయన్ని ఎండిన పాచి దగ్గరికీ, ఆ తర్వాత పచ్చటి పాచి దగ్గరికీ తీసుకెళ్ళండి. "సార్, ఇదీ అదీ ఒకే మొక్క. ఈ గోడకి నెలరోజులుగా నీళ్ళు లేవు, ఆ గోడకి రోజూ ఉన్నాయి" అని చెప్పి, రెంటినీ ముట్టుకోమనండి. ఇంతకాలంలో ఆ ముట్టుకోవడం తర్వాత కూడా రంగే వేయించమన్నవాళ్ళు నాకు ఒకరిద్దరికి మించి తగల్లేదు.

నోటుపుస్తకంలో ఏం రాయాలో నా పాత పేజీ ఒకటి చూసి చెబుతాను. "మే 28, పొద్దున ఏడు. తూర్పు గోడ, నాలుగో అంతస్తు వంటగది కింద, అరచేతంత, పచ్చగా, తడిగా. పక్కన తుప్పు లేదు. వాన పడి పన్నెండు రోజులు. ప్లంబరుకి చెప్పాను." దాని కిందే ఇంకో సిరాతో, "జూన్ 3, సింకు పైపు జాయింటు మార్చారు. జూన్ 9, ఎండింది."